బల్లకి ముప్ఫై అంగుళాల ఎత్తున

మా ఇంట్లో మధ్యాహ్నం భోజనం మూడు సార్లు అవుతుంది. పన్నెండున్నరకి మావయ్యది. రెండింటికి మా ఆయన ధర్మేంద్ర బావది. గరివిడి బజార్లో మాది ఎరువులు, పురుగుమందుల కొట్టు. తండ్రీకొడుకులిద్దరూ ఒక్కసారే ఇంటికొచ్చేస్తే కొట్లో ఎవరుంటారు? అందుకని ఒకరు తినేసి వెళ్ళి ఇంకొకర్ని పంపిస్తారు. మూడో భోజనం నాది. దానికి టైమంటూ లేదు. బావ చెయ్యి కడుక్కుని మోటారుసైకిలు స్టార్టు చేసిన చప్పుడు వినిపించాక, బల్ల తుడిచేసి, మిగిలిన అన్నం మీద మిగిలిన చారు పోసుకుని, వంటగట్టుకి ఆనుకుని నిలబడే తినేస్తాను. కూర్చోడం ఎందుకు, మళ్ళీ లేవడం ఎందుకు అనిపిస్తుంది. పదిహేనేళ్ళుగా ఇంతే.

మొన్న పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మ నా నుదుటి మీద మచ్చ చూసి, "ఏటే ఇది?" అంది.

"లైటు తగిలిందమ్మా."

"లైటు తగలడమేటే? లైటు మీదుంటాది గదా!"

మా అమ్మ ఉండేది శ్రీముఖలింగం దగ్గర పల్లెలో. ఆ ఇంట్లో లైటంటే గోడకి ట్యూబులైటు, పైన దూలానికి బల్బు. దీపం కిందికి దిగొచ్చి మనిషి నుదుటి మీద కొట్టడం ఆవిడకి అర్థం కాలేదు. ఆ మాటకొస్తే నాకు అర్థం కావడానికే ఆరు నెలలు పట్టింది.

కిందటి వైశాఖంలో కొత్తింట్లోకి వచ్చాం. ఇల్లు కట్టడానికి రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ మేస్త్రీలకి టీలు, కూలీలకి మంచినీళ్ళు, స్లాబు తడపడానికి పొద్దున్నా సాయంత్రం గొట్టం పట్టుకోడం, అన్నీ నావే. అడగడం మాత్రం ఎవరూ నన్ను ఏదీ అడగలేదు. గేటు బావ చూసుకున్నాడు. నేలకి టైల్సు మావయ్య. దేవుడి గది అత్తా, సిద్ధాంతిగారూ కలిసి. పోనీ వంటగట్టు ఎంత ఎత్తుండాలో అదైనా అడుగుతారనుకున్నాను. తాపీమేస్త్రి అడక్కుండానే కట్టేశాడు. "కొంచెం ఎత్తు పెంచాలి బాబూ, నాకు నడుం లాగుతుంది" అంటే, "ఆడోళ్ళందరూ ఒక్క ఎత్తే గదమ్మా" అన్నాడు. మా అత్త నా భుజం దాటదు. ఆ గట్టు ఆవిడకి ఎత్తు, నాకు పొట్టి. ఇద్దర్లో ఒక్కరికీ పనికిరాని ఎత్తు ఎలా కనిపెట్టాడో మహానుభావుడు.

ఆఖరికి ఇంతింట్లో నాకు వదిలినవి మూడు లైట్లు.

బావ ఒకసారి విశాఖపట్నంలో పెద్ద డీలరుగారింటికి భోజనానికి వెళ్ళొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ అదే మాట. "ఏటనుకున్నావు ఈశ్వరీ! డైనింగు టేబులు మీద మూడు లైట్లు. తీగల్తో ఇలగ ఏలాడతన్నాయి. పెండెంట్ లైట్లంతారట. మనింట్లోనూ అయ్యే పెట్టాల. నువ్వే ఏరు. నాకలాటియి తెల్దు."

నిజం చెప్పొద్దూ, పొంగిపోయాను. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కొన్నాళ్ళూ కలిపి నాలుగేళ్ళు ప్రైవేటు స్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పాను. అందులో కాంతి పాఠం అంటే నాకు ప్రాణం. చాక్‌పీసు పట్టుకుని గోడ మీద నీడలు చూపిస్తుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవారు. ఆ ఉద్యోగం ఎందుకు పోయిందో చెప్పడానికి పెద్ద కథ లేదు. పన్నెండున్నరకి స్కూల్లో నాలుగో పీరియడు. పన్నెండున్నరకే మావయ్య భోజనం. "నీ పాఠాల కోసం మీ మావ సల్లన్నం తినాలేటే?" అంది అత్త ఒకనాడు. అంతే. తలుపు వేసుకుపోయినట్టు నాలుగేళ్ళూ అక్కడే ఆగిపోయాయి.

అందుకని ఆ మూడు లైట్లని నేను మామూలుగా ఏరలేదు. నెల్లాళ్ళు ఫోనులో బొమ్మలు చూశాను. గాజువి, వెదురువి, ఇత్తడివి, అల్లికవి. తెల్ల వెలుతురైతే అన్నం ఆసుపత్రిలో పెట్టినట్టుంటుంది, పసుపు కలిసిన వెలుతురైతే కూర రంగు నిలుస్తుంది. గాజైతే జిడ్డు పడుతుంది, తుడవాల్సింది నేనే. మా అమ్మాయి హర్షిత నోటుపుస్తకం వెనకట్టలో బల్ల గీసి, దాని మీద మూడు దీపాలు గీసి, వెలుతురు గీతలు గీశాను. ఒక్కటి తీసి వంటగట్టు మీద పెట్టుకుంటే ఎలా ఉంటుందని కూడా గీశాను. వంటింట్లో ట్యూబులైటు నా వీపు వెనకుంటుంది. నేను ఏం తరిగినా నా నీడలోనే తరుక్కోవాలి. అది చెబితే అత్త నవ్వింది. "వంటింట్లో లైటు సూడ్డానికి ఎవులొస్తారే?"

కొనడానికి విజయనగరం నేనొక్కర్తినే వెళ్ళాను. అదే పెద్ద విచిత్రం. బావ ఒప్పుకున్నాడు కానీ, చెప్పులేసుకుంటున్న దాన్ని ఆపి, "పన్నెండింటికల్లా వచ్చేయ్. నాన్న బోజనానికొస్తాడు" అన్నాడు. ఎనిమిదిన్నర బస్సెక్కి వెళ్తే షాపు పది దాకా తియ్యలేదు. అరుగు మీద కూర్చుని షట్టరు ఎప్పుడు లేస్తుందా అని చూశాను. లోపలికి వెళ్తే పైనంతా దీపాలే. అన్నీ వెలిగించి ఉన్నాయి. వాటి కింద తల పైకెత్తుకుని తిరుగుతుంటే, అదేమిటో, కళ్ళలో నీళ్ళొచ్చాయి. షాపులో అమ్మాయి అడిగింది. "డైనింగు టేబులు మీదకా మేడమ్? ఎంతమంది కూర్చుంటారు?"

"అయిదుగురం" అన్నాను. మావయ్య, అత్త, బావ, హర్షిత, నేను. లెక్క తడుముకోకుండా వచ్చేసింది.

నేను ఏరినవి ఇనుప రేకువి. బయట నలుపు, లోపల ఇత్తడి రంగు. గిడుగులా ఉన్నాయని ఏరాను. వానాకాలం ఊడుపులప్పుడు మా అమ్మ తల మీంచి వీపు దాకా కప్పుకునే తాటాకు గిడుగు. వంశధార పక్క మళ్ళలో వాన పడుతుంటే ఆడవాళ్ళు కనిపించేవారు కాదు, వరసగా గిడుగులే కనిపించేవి. పన్నెండింటికి గట్టెక్కి, వాటిని బోర్లా పడేసి, మొగా ఆడా అందరూ ఒకే గట్టు మీద చతికిలబడి చోడంబలి తాగేవారు. ఎవరి గిన్నె వారిదే. ఎవరికీ ఎవరూ వడ్డించేవారు కాదు. అదంతా షాపులో నిలబడి ఆలోచించానని కాదు. చూడగానే చెయ్యి వాటి మీదకి వెళ్ళింది, అంతే. నలభై నిమిషాల్లో బేరం తేల్చి, మూడు అట్టపెట్టెలూ ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని తెస్తున్నట్టు తెచ్చాను. ఇల్లు చేరేసరికి పన్నెండుంపావు. చెమట తుడుచుకోకుండానే అన్నం వార్చాను.

బిగించడానికి దాలయ్య వచ్చాడు. ఈ ప్రాంతంలో ముప్ఫై ఏళ్ళుగా కరెంటు పని చేస్తున్న మనిషి. అతనికో పద్ధతుంది. టేపు పెట్టి కొలిచేసి బిగించెయ్యడు. ముందు పైనున్న కొక్కేనికి పురికొస కట్టి, దాని చివర ఖాళీ స్టీలు గ్లాసు వేలాడదీస్తాడు. అది దీపం అనుకోవాలి. ఇంట్లో ఎవరెవరు ఆ బల్ల దగ్గర కూర్చుంటారో వాళ్ళని వాళ్ళ వాళ్ళ కుర్చీల్లో కూర్చోబెడతాడు. "ఎదుటి మనిసి మొకం కంటికి ఆనతందా బాబూ? గ్లాసు అడుగు కనబడతందా? కనబడకూడదు. కనబడితే రేపు బల్బు కంట్లో పడతాది" అంటూ పురికొస పైకీ కిందకీ జరుపుతాడు. 

ఆ రోజు ఆదివారం. మావయ్య తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ చివర బావ. పక్కన హర్షిత. నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఇంకెవులైనా ఉన్నారా బాబూ, కూసునీవోళ్ళు?" అని అడిగాడు దాలయ్య.

మావయ్య బల్ల చుట్టూ ఒకసారి చూశాడు. నా మీద నుంచి కూడా ఆయన చూపు వెళ్ళింది. ఆగలేదు. "ఇంకెవులూ? అంతే. ముగ్గురం" అన్నాడు.

"మరి నిలబడ్డవాళ్ళకి తగలదా దాలయ్యా?" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. అది ఉత్త భౌతికశాస్త్రం ప్రశ్నే అనిపించింది.

దాలయ్య స్టూలు మీంచి నవ్వాడు. "తిండిబల్ల కాడ నిలుసునీవోళ్ళెవులుంతారమ్మా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బల్ల నుంచి గ్లాసు అడుగుకి ముప్ఫై అంగుళాలు తేలింది. అక్కడే బిగించాడు. ఆ సాయంత్రం వెలిగిస్తే, ఒట్టు, భలే ఉన్నాయి. బల్ల మీద మూడు పసుప్పచ్చటి గుండ్రాలు పడ్డాయి. బావ ఫొటోలు తీసి డీలర్ల గ్రూపులో పెట్టుకున్నాడు. "మా మిసెస్ సెలక్షన్" అని కింద రాశాడు. ఆ మాట నేను ఒంటరిగా ఉన్నప్పుడు బావ ఫోనులో రెండుసార్లు తీసి చదువుకున్నాను.

మర్నాడే తగిలింది. మావయ్యకి చారు పోస్తూ ముందుకి వంగాను. బల్ల ఒక పక్క గోడకి జరిపి ఉంటుంది, ఎవరికి ఏం వెయ్యాలన్నా రెండో పక్క నుంచే చెయ్యి చాపాలి. రేకు అంచు సరిగ్గా నుదుటికి తగిలింది. చారు బల్ల మీద ఒలికింది. మూడు దీపాలూ ఊగాయి, గోడ మీద మా నీడలు ఊగాయి.

"సూసుకోవాల గదేటమ్మా" అన్నాడు మావయ్య, చొక్కా దులుపుకుంటూ.

రెండోసారి బావ ముందు తగిలింది. పెద్ద బొప్పి కట్టింది. "ఏటే, కళ్ళు నెత్తి మీదున్నాయేటి?" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి, "నువ్వే గదా ఏరుకున్నావు" అన్నాడు. ఆ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో. లైటు తగిలినప్పుడల్లా, కళ్ళలో బల్బు పడి కూర ఎవరి కంచంలో వేస్తున్నానో తెలియనప్పుడల్లా. నువ్వే గదా ఏరుకున్నావు. ఈ ఇంట్లో నేను ఏరుకోనివి వెయ్యి ఉన్నాయి, వాటికి నన్నెవరూ ఏమీ అనరు. ఒక్కటి ఏరుకున్నందుకు రోజూ అదే తిరిగొచ్చి నుదుటి మీద పడుతోంది.

"ఒక్క అడుగు పైకెత్తిద్దాం బావా" అని అడిగాను.

"అందం పోద్ది. అందరిళ్ళల్లోనూ అంతెత్తులోనే ఉంటాయి. నువ్వు కొంచెం సూసుకుని మసులుకో."

మళ్ళీ పదిరోజులాగి అడిగాను. ఈసారి అత్త అందుకుంది. "ఓలమ్మ, ఒక్క పిసరు ఒంగితే ఏటి పోద్దే? నాకేనాడైనా తగిలిందేటి?"

నిజమే, అత్తకి ఒక్కసారీ తగల్లేదు. తిన్నగా ఆ దీపాల కిందకే వెళ్ళి మజ్జిగ పోసి వచ్చేస్తుంది. మొదట్లో అసూయగా ఉండేది. తర్వాత ఒకరోజు వెనక నుంచి చూశాను. నలభయ్యేళ్ళు వడ్డించిన వీపు అది. నిటారుగా లేదు. తగిలే ఎత్తులో లేకుండా ఆవిడ ఎప్పుడో ఒంగిపోయింది. దీపాలు రాకముందే, ఇల్లు కట్టకముందే, నేను ఈ ఇంటికి రాకముందే. ఆవిడ తిండి కూడా బల్ల దగ్గర కాదు. వంటింట్లో ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్ళో కంచం. "నాకా కుర్సీల్లో ముద్ద దిగదు" అంటుంది. ఏనాడైనా కూర్చుని చూసిందా అంటే లేదు.

నేనూ నేర్చుకున్నాను. ఎడం చెవిని భుజానికి ఆనించి, మెడ వాల్చి, దీపానికీ దీపానికీ మధ్య సందులోంచి గరిటె చాపడం. అన్నానికి ఒకసారి, పప్పుకి ఒకసారి, కూరకి, చారుకి, మజ్జిగకి. మావయ్యకి అయిదు, బావకి అయిదు, రాత్రికి మళ్ళీ ఇంకో పది. మెడ పట్టేసి తెల్లారి లేచేసరికి తిరిగేది కాదు. బామ్ రాసుకుంటే ఆ వాసనకి అన్నం తినబుద్ధి కావట్లేదంది మా అత్త. ఏమరుపాటున తగులుతూనే ఉండేది. నుదుటి మీద ఒకేచోట తగిలీ తగిలీ మచ్చ పడిపోయింది. హర్షితకి అదో ఆటయింది. స్కూలు నుంచి రాగానే, "అమ్మా, ఈవాళ స్కోరెంత?" అని అడిగేది. వాళ్ళ నాన్న పక్కనుంచి "సెంచరీ కొట్టీసింది మీయమ్మ" అనేవాడు. పదమూడేళ్ళ పిల్ల. దానికేం తెలుసు. ఇంట్లో అందరూ నవ్వేదానికి అదీ నవ్వుతుంది.

ఇలా మార్గశిరం వచ్చింది. పోయిన ఆదివారం ఎరువుల కంపెనీ ఏరియా మేనేజరు జయకృష్ణగారు భోజనానికి వస్తున్నాడని బావ ముందురోజు చెప్పాడు. నాటుకోడి కూర, చేపల వేపుడు, వంకాయ ఉల్లికారం, గారెలు. పొద్దున్న అయిదింటికి గట్టు దగ్గర నిలబడినదాన్ని ఒంటిగంట దాకా అక్కడే ఉన్నాను. ఆదివారం కాబట్టి కొట్టు మూసేసి అందరూ ఒకేసారి కూర్చున్నారు. మావయ్య, బావ, ఆ వచ్చినాయన. మనిషి మంచివాడే. గోంగూర పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్నాడు. "లైట్లు బాగున్నాయండీ" అన్నాడు. "మా మిసెస్ సెలక్షన్ సార్" అన్నాడు బావ.

అప్పుడు అత్త వంటింటి గుమ్మంలోంచి హర్షితని కేకేసింది. "ఒసే గుంటా, కంపెనీ బాబుకి నీళ్ళు పొయ్యవే. ఎప్పుడు నేర్సుకుంతావు పని?"

హర్షిత ఫోను పక్కన పెట్టి జగ్గు తీసుకుంది. నేను గారెల పళ్ళెంతో వెనకే ఉన్నాను. బల్ల దగ్గరికి రెండడుగులుందనగా నా కూతురు ఎడం చెవిని భుజానికి ఆనించింది. మెడ వాల్చింది. నడుం దగ్గర కొంచెం మడత పడి, దీపానికీ దీపానికీ మధ్య సందులోంచి జగ్గు చాపింది. అచ్చంగా నాలాగే. వెంట్రుకవాసి తేడా లేకుండా నాలాగే.

దాని ఎత్తు నాకు తెలుసు. పుట్టినరోజుకి తలుపుచెక్క మీద నేనే గీత గీశాను. ఆ దీపాల కింద నిటారుగా నిలబడినా నెత్తికీ రేకుకీ మధ్య ఇంకా బెత్తెడు జాగా ఉంటుంది. దానికి తగలదు. తగలని పిల్ల ఒంగింది. ఎవరూ నేర్పలేదు. బల్ల దగ్గరికి వెళ్ళే ఆడమనిషి అలా వెళ్తుందనుకుంది, అంతే.

నా చేతిలో పళ్ళెం బరువెక్కింది. గారెలు చల్లారిపోతున్నాయని అత్త సైగ చేస్తోంది. కదల్లేకపోయాను.

ఇంతలో జయకృష్ణగారికి ఫోనొచ్చింది. "ఒక్క నిమిషం" అంటూ చప్పున లేచాడు. ఠంగుమని రేకు మోగింది. ఇహ చూడాలి ఇంట్లో గొడవ. బావ ఎంగిలి చేత్తోనే పరిగెత్తి ఫ్రిజ్‌లో ఐసు తెచ్చాడు. అత్త పసుపు తెచ్చింది. మావయ్య కుర్చీ వెనక్కి తోసేసి, "ఎవులు పెట్టించారివి, ఇంత దిక్కుమాలిన ఎత్తులో!" అని అరిచాడు. ఆ ఎత్తుకి ఆయనే కూర్చుని కొలత ఇచ్చాడు. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

పాపం, జయకృష్ణగారే సిగ్గుపడ్డాడు. "ఫర్వాలేదండీ, ఏం కాలేదు" అంటూ నా వైపు తిరిగి, నా నుదురు చూసి ఆగిపోయాడు. "మేడమ్‌గారికి కూడా తగులుతోందే!"

బావ నవ్వేశాడు. "ఆవిడికి అలవాటైపోనాది సార్."

చేతిలో ఐసు కరుగుతుండగానే రెండో చేత్తో దాలయ్యకి ఫోన్ చేశాడు. "ఒరే దాలయ్యా, రేపొచ్చి ఆ లైట్లు అడుగు పైకెత్తీయాల. పెద్దమనుసులొచ్చీ ఇల్లు. అర్జెంటు."

ఆరు నెలలు నేనడిగినది అరనిమిషంలో అయిపోయింది.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ సంతోషపడదామని చూశాను. నేను కోరుకున్నదే కదా. రేపటి నుంచి మెడ వాల్చక్కర్లేదు. బల్బు కంట్లో పడదు. హాయిగా నిటారుగా నిలబడి వడ్డించుకోవచ్చు. పన్నెండున్నరకి, రెండింటికి, రాత్రికి, వచ్చే ఏడాదికి, హర్షిత పెళ్ళయ్యే దాకా, నా వీపు కూడా అత్త వీపులా అయ్యే దాకా హాయిగా నిలబడొచ్చు. ఏదీ అడ్డు రాదు. ఏదీ తగలదు. అక్కడ నా చెయ్యి నీళ్ళ కింద ఆగిపోయింది. తగలకపోతే, నేను నిలబడి ఉన్నానని నాకింక గుర్తు కూడా రాదు. ఈ ఇంట్లో నేను నిలబడి ఉన్నానని ఇన్నేళ్ళలో నాకు చెప్పినవి ఆ మూడు రేకులే. మనుషులెవరూ చెప్పలేదు. వాటిని కూడా ఎత్తించేస్తే ఇంక చెప్పేవాళ్ళు లేరు. నాకూ లేరు, హర్షితకీ లేరు. దానికసలు తగలకుండానే అలవాటైపోనాది.

మర్నాడు సోమవారం. హర్షిత స్కూలుకి వెళ్ళింది. పన్నెండుంపావుకి దాలయ్య స్టూలు భుజానేసుకుని వచ్చాడు. నేను అప్పటికే అన్నం గిన్నె, పప్పు, బెండకాయ కూర, చారు, మజ్జిగ, అన్నీ బల్ల మధ్యలో పెట్టేసి ఉంచాను, గరిటెలతో సహా. మావయ్య కంచం ఆయన చోట పెట్టాను. ఎదురుగా ఇంకో కంచం పెట్టాను.

"ఏటమ్మా, సుట్టాలొస్తన్నారేటి?" అన్నాడు దాలయ్య రెండో కంచం చూసి. "ఎంత పైకెత్తమంతారు? బాబు అడుగన్నాడు."

"ఎత్తే ముందు కొలత చూడవా దాలయ్యా? నీ పద్ధతి అదేగా."

కుర్చీ లాగాను. కొత్త కుర్చీ, ఆరు నెలలుగా నేను దుమ్ము దులుపుతూ వచ్చిన కుర్చీ. దాని మీద ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. కూర్చుంటే కరకరమంది. లైట్లు వెయ్యమన్నాను. వేశాడు. మొట్టమొదటిసారి ఆ దీపాలు నాకు అడుగు నుంచి కాకుండా పక్క నుంచి కనిపించాయి. నల్లటి రేకు, ఇత్తడి అంచు. బల్బు ఎక్కడుందో తెలీదు. వెలుతురు మాత్రం నా రెండు చేతుల మీద, ఖాళీ కంచం మీద పడుతోంది. నేను ఏరింది ఇంత బాగుంటుందని నాకే తెలియదు.

"బల్బు కంట్లో పడతందా అమ్మా?" అన్నాడు దాలయ్య, అలవాటు కొద్దీ.

"లేదు. ఎదుటి మనిషి మొహం కూడా కనిపిస్తుంది, ఉంటే. సరిగ్గానే బిగించావు. ఎత్తొద్దు."

అతను స్టూలు దించి నా నుదురు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "నాను బిగించినప్పుడు సెప్పొద్దేటమ్మా, నువ్వు నిలుసుంతావని" అన్నాడు మెల్లగా.

"అడిగాను. నువ్వు నవ్వావు."

దాలయ్య స్టూలు మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. "బాబు అడిగితే ఏటి సెప్పీది మరి?" అన్నాడు.

"కూర్చున్నవాళ్ళకి సరిపోయిందని చెప్పు. నిలబడేవాళ్ళు ఈ ఇంట్లో లేరట అని చెప్పు."

అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. నా కింద కుర్చీని, నా ముందు కంచాన్ని చూసింది. "ఏటే ఇది! మీ మావొచ్చీ ఏళయింది. లెగు. లెగే తల్లీ" అంది. అందులో కోపం కంటే భయమే ఎక్కువుంది.

"మీకూ కంచం పెట్టనా అత్తా? ఇటు రండి."

ఆవిడ గుమ్మం పట్టుకుని అక్కడే ఉండిపోయింది. రాలేదు. లోపలికీ వెళ్ళలేదు.

బయట గేటు చప్పుడైంది. మావయ్య చెప్పులు విడిచిన చప్పుడు. పదిహేనేళ్ళుగా ఆ చప్పుడుకి లేచిన కాళ్ళు. నా ప్రమేయం లేకుండానే మోకాళ్ళు కదిలాయి. బల్ల కింద రెండు పాదాలూ కుర్చీ కాళ్ళకి మెలేసి, గట్టిగా బిగించుకున్నాను. అన్నం గరిటె తీసుకుని నా కంచంలో ఒక గరిటెడు పెట్టుకున్నాను. నాలుగు మెతుకులు బల్ల మీద పడ్డాయి. పొగ లేస్తున్న అన్నం. ఈ ఇంట్లో పొగ లేస్తుండగా నా కంచంలో అన్నం పడడం ఇదే మొదలు.

మావయ్య వచ్చి బల్ల పక్కన, రోజూ నేను నిలబడే చోట ఆగాడు. కంచం చూశాడు. నన్ను చూశాడు. "ఏటమ్మా ఇది? ఒడ్డించవా?" అంటూ, గిన్నెల్లో ఏముందో చూడ్డానికి ముందుకి వంగాడు. బల్బు వెలుతురు సూటిగా ఆయన కళ్ళలో పడింది. మొహం చిట్లించుకుని, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"కూర్చోండి మావయ్యా" అన్నాను. "కూర్చుంటే కంట్లో పడదు."